దారియు ధర్మమును

ఒక వస్తువును ఒక చోటినుండి మఱియొక చోటికి తక్కువ కాలములో, తక్కువ వ్యయముతో చేర్చగల దేశమును నాగరకదేశమని చెప్పుట లోకమున వాడుకయైనది. ఈ కొలత పూర్తిగా తప్పని మే మనము. ఉప్పు దొరకక చప్పిడి కూడు తినిన పల్లెకు ఉప్పుబస్తా చేరుట మేలే. వైద్యుడు లేని ఊరినుండి రోగిని గంటలోపల పట్టణపు ఆసుపత్రికి చేర్చుటయు మేలే. కాని యొక ప్రశ్నకు మాత్ర మీ కొలతవలన జవాబు దొరకదు. క్రొత్త బండి వచ్చినప్పుడు పాత బండివా డేమగును? అతని కూడు పోవుట అతని కర్మమా? లేక ఆ క్రొత్త బండివలన లాభపడిన మన యందఱి ఋణమా? ఈ ప్రశ్నను మేము ఇబ్రహీంపట్నము దారిమీద నిలిచి యడుగదలచితిమి.

ఇబ్రహీంపట్నము రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదునకు ఆగ్నేయముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, నాగార్జునసాగరమునకు పోవు దారిమీద కలదు. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు ఆ యూరికి నిలిచినది; ఆయన కాలపు పెద్దచెఱువు నేటికిని ఆ యూరి గుర్తు. రైలు ఆ యూరికి రానేలేదు. అయినను రైలువలన కలిగిన మార్పులు రాక మానలేదు. మొదట పెరికెల యెద్దులు, పిదప రెండెడ్ల బండ్లు, ఆ పిదప బస్సులు, లారీలు ఈ ప్రాంతమున నడచినవి. ఇప్పుడు 158 కిలోమీటర్ల పొడవుగల హైదరాబాదు బాహ్యవలయ రహదారి బొంగులూరు కడ ఈ దారిని దాటిపోవుచున్నది. ఇదే మండలమునందలి ఆదిబట్లలో 2018వ సంవత్సరమున తెఱువబడిన టాటా, బోయింగు సంస్థల ఉమ్మడి కర్మాగారమునందు అపాచీ హెలికాప్టరుల దేహములు తయారై విదేశములకు పోవుచున్నవి. ఎద్దువీపునుండి హెలికాప్టరు వఱకు జరిగిన మార్పు నంతయు ఒక్క మండలముననే చూడ దలచువారికి ఇంతకంటె తగిన చోటు అరుదు.

ఎద్దువీపు కాలమును గూర్చి మొదట చెప్పవలెను. ఆ కాలమున దక్కనులో ధాన్యమును, ఉప్పును మోసినవారు లంబాడీలు, అనగా బంజారాలు. పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పదివేలు పండ్రెండువేల యెద్దులు ఒక్క బిడారుగా నడచుటను గూర్చి వ్రాసినాడు. ఇరుకు దారులలో అట్టి బిడారు ఎదురైనచో అది దాటిపోవు వఱకు బాటసారులు రెండు మూడు దినములు కాచుకొని యుండవలసి వచ్చెడిదట. 1791-92లో టిప్పు సుల్తానుమీద దండెత్తిన కారన్‌వాలిసు సేనకును, 1803లో మహారాష్ట్రులతో పోరాడిన వెల్లెస్లీ సేనకును తిండిగింజలు చేర్చినవారు వీరే. ఏ వాగులో ఏ మాసమున నీరుండును, ఏ కనుమలో పసరము నడువగలదు, ఏ సంతలో ఏ గింజకు ధర యెక్కువ అను విద్య వారి తండాలలో తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను. ఆ విద్యకు బడి లేదు, పట్టము లేదు. కాని దేశము ఆ విద్యవలననే తినుచుండెను.

1874వ సంవత్సరమున వాడినుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1889 నాటికి అది ఓరుగల్లుమీదుగా బెజవాడకు చేరెను. సముద్రపు టుప్పు వ్యాగనులలో వచ్చెను. ప్రత్తియు నూనెగింజలును వ్యాగనులలో పోయెను. వేయి యెద్దులు నెలకు చేర్చు సరకును ఒక్క యావిరియంత్రము రెండు దినములలో చేర్చెను. తండాల యెద్దులకు పని లేకపోయెను. ఎద్దును మేపుటకు బీడు కావలెను; బీడులు అడవిశాఖ క్రిందికి పోయెను. కొందఱు ఎద్దుల నమ్ముకొని మెట్టభూముల నంచున గుడిసెలు వేసికొనిరి. కొందఱు కూలికి పోయిరి. ఇబ్రహీంపట్నమునకు ఎగువ దిగువల, మంచాల, యాచారము ప్రాంతములలో నేడు కనబడు తండాలు ఒకనాడు నడచి నడచి ఆగిపోయిన బిడారులవంటివే. హైదరాబాదునందలి బంజారాహిల్స్ అను పేరు వారినుండి వచ్చినదే యందురు. నేడు అచ్చటి గజము నేల వెల యెంతయో చదువరు లెఱుగుదురు. పేరు వారిది, నేల యితరులది.

ఇంతవఱకు జరిగినదానిని కాలప్రవాహ మని కొంద ఱనవచ్చును. కాని తరువాత జరిగినది ప్రవాహము కాదు, మనుష్యులు చేసిన పని. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను. పుట్టుకతోనే మనుష్యుడు దొంగ యగునని నమ్మిన చట్టమది. 1911లో అది మద్రాసు రాష్ట్రమునకును వ్యాపించెను. కోస్తానుండి లోపలి జిల్లాలకు గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పు మోసి, ప్రతిగా ధాన్యము తెచ్చుకొని బ్రదికిన ఎఱుకలవారు రైలువలనను, ఉప్పుపన్నువలనను వృత్తి పోగొట్టుకొని, ఈ చట్టము కోఱలలో పడిరి. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము అట్టివారిని కావలిలో నుంచుటకై 1910వ దశకమున వెలసిన సెటిల్‌మెంటు. లంబాడీలమీదను ఈ చట్టపు నీడ పడినది. నిన్నటిదాక దేశమునకు అన్నము మోసినవాడు నేడు దారిలో కనబడినంతనే అనుమానితు డయ్యెను. స్వతంత్రము వచ్చిన పిదప 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. కూడు తీసివేయుట మొదటి యన్యాయము; కూడు లేనివానికి దొంగ యని పేరు పెట్టుట రెండవ యన్యాయము. రెండవది మొదటిదానికంటె ఘోరమైనది. ఏలయన, మొదటిది ఆకలిని మాత్రమే యిచ్చెను. రెండవది ఆ యాకలికి అతడే కారకుడని లోకమును నమ్మించెను.

ఇది మన దేశమునకే ప్రత్యేకమైన కథ కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల తొలినాళ్ల చరిత్రను నూతనయంత్రముల విజయగాథగా పిల్లలకు బోధింతురు, అది నిజమే. 1807లో ఫుల్టను ఆవిరిపడవను హడ్సను నదిలో నడపెను. 1825లో ముగిసిన ఈరీ కాలువ 363 మైళ్ల పొడవున తవ్వబడి, బఫెలోనుండి న్యూయార్కునకు టన్ను సరకును చేర్చుటకు అంతకుముందు పడుచుండిన సుమారు నూఱు డాలరుల వ్యయమును పది డాలరులకంటె తక్కువకు దించెను. పశ్చిమపు రైతు గోధుమ తూర్పు పట్టణపు రొట్టె యయ్యెను. కాని యదే పుస్తకమునందు మఱియొక పుటయు కలదు. 1793లో ఎలీ విట్నీ ప్రత్తినుండి గింజను వేఱుచేయు యంత్రమును కనిపెట్టెను. చేతితో దినమున కొక పౌను దూది తీయుచోట ఆ చిన్న యంత్రము ఏబది పౌనులు తీయగలిగెను. చాకిరి తగ్గినది గనుక బానిసత్వము తగ్గవలెను గదా? జరిగినది దానికి విరుద్ధము. దూది తీయుట సులభమగుటచే ప్రత్తిసాగు లాభకర మయ్యెను. సాగు పెరుగగా చేతులు కావలసి వచ్చెను. 1790లో సుమారు 7 లక్షలుగా నుండిన బానిసల సంఖ్య 1860 నాటికి సుమారు 40 లక్షలయ్యెను. ఆ ప్రత్తికి నేల కావలసి, 1830 నాటి శాసనముతో ఆదివాసులను మిసిసిపీకి ఆవలికి తరుమవలసి వచ్చెను. ఆ బానిసత్వమే కారణముగా 1861లో అచ్చట అంతర్యుద్ధము రేగగా, అమెరికా ప్రత్తి యాగిపోయి, బీరారు, దక్కను నల్లరేగళ్ల ప్రత్తికి ధర మండెను. 1865లో యుద్ధము ముగియగా ఆ ధర పడిపోయెను. ఎక్కడి విట్నీ, ఎక్కడి దక్కను రైతు! యంత్ర మొక చోట తిరిగినచో దాని పట్టా మఱియొక ఖండపు రైతు మెడను తాకును.

దీనినుండి మేము గ్రహించు నీతి యొక్కటి. యంత్రము ధర్మము నెఱుగదు, అధర్మము నెఱుగదు. అది యున్న యేర్పాటునకు బలమును మాత్రమే యిచ్చును. న్యాయమైన యేర్పాటులో అది న్యాయమును పెంచును. బానిసత్వమున్నచోట బానిసత్వమును పెంచును.

మా మాట విని, పాతకాలమే మేలని మే మనుచున్నామని యెవరును తలపరాదు. పెరికెలయెద్దు కాలము స్వర్ణయుగము కాదు. తెలంగాణమున పాతదారుల నిండ వెట్టి యుండెను. అధికారి యూరికి వచ్చినచో బండి కట్టవలసినది పేదరైతు, కూలి లేదు. సామాను మోయవలసినది హరిజనుడు. తిండి కూడ నిశ్చయము లేదు. అట్టి దారిని తలచుకొని కన్నీరు కార్చుట మాకు చేతకాదు. మోటారు వచ్చినందున అధికారికి బండి యక్కఱ తగ్గినది, నిజమే. కాని వెట్టిని తీసివేసినది మోటారు కాదు. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభలును, ఆ పిదప పల్లెలలో లేచిన రైతులును దానితో పోరాడిరి. ఆ మహాసభల నాయకులలో నొకరగు కొండా వెంకటరంగారెడ్డిగారి పేరే 1978లో ఏర్పడిన ఈ జిల్లాకు కలదు. మోటారుతోపాటు వెట్టియు హాయిగా సాగగలిగెడిది. మనుష్యులు వలదన్నందున ఆగినది.

ఇట్టిదే కరవు విషయము. రైలున్నచోట కరవుండ దని మొదట నమ్మిరి. 1876-78 నాటి మహాక్షామమున రైలు ధాన్యమును చేర్చిన మాట నిజము. కాని కొనలేనివాని కడుపులోనికి ఏ రైలును ధాన్యమును చేర్చలేదు. లోపించినది గింజకంటె పనియు, కూలియు అని 1880 నాటి క్షామవిచారణసంఘమే తేల్చినది. కావున చేరవేత చౌకయైనంత మాత్రమున తిండి చౌక కాదు; ధనమున్నవైపునకు సరకు పరుగెత్తుటకు మంచిదారి దొరకుట మాత్రమే జరుగును.

ఇప్పుడు మా ముఖ్యప్రశ్నకు వత్తము. వృత్తి పోయిన ప్రతివానికిని సంఘము ఋణపడునా? ఒక వీధిలో ఇద్దఱు దర్జీలుండగా, రెండవవాని కుట్టు బాగున్నచో మొదటివానికి బేరము తగ్గును. అందులకు సంఘము బదులు చెప్పవలసిన పని లేదని వాదించువారు కలరు. వారి వాదమును మేము త్రోసివేయము. కాని రైలు రెండవ దర్జీవంటిది కాదు. దానికి భూమి నిచ్చినది రాజ్యము. దాని పెట్టుబడిపై వడ్డీకి హామీ పడినది నిజాము ఖజానా. ఆ రైలు పేరులోనే 'గ్యారంటీడ్' అను మాట యుండెను. లండనులో వాటాలు కొన్నవానికి నష్టము రాకుండ హామీ యిచ్చినది ఈ దేశపు రైతు కట్టిన శిస్తు. అదే రైలువలన సర్వమును కోల్పోయిన బంజారాకు ఎవరును ఏ హామీయు నీయలేదు. లాభము వచ్చు వానికి హామీ, నష్టము వచ్చు వానికి అనుమానము! సంఘము తన ధనముతో, తన చట్టముతో తెచ్చిన మార్పువలన ఒకడు మునిగినచో, అది పోటీ కాదు, అది మన చేత. మన చేతకు ఫలము మనమే మోయవలెను. ఇదియే మా సిద్ధాంతము.

ఈ లెక్క నడిగినవారు ఆనాడును లేకపోలేదు. 1883లో రైలును చాందావైపు పొడిగించు పథకము వచ్చినప్పుడు, దాని షరతులను ప్రజలకు తెలుపుడని హైదరాబాదున కొంద ఱడిగిరి. వారిలో ప్రముఖుడు, నిజాం కళాశాలకు తొలి యధ్యక్షుడును సరోజినీదేవికి తండ్రియు నగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. ఆయనకు దొరకిన జవాబు రాజ్యబహిష్కారము. దారి వేయుటకు ముందే దాని లెక్క నడుగుట ద్రోహమని యెంచిన రాజ్యములో, దారి పడిన పిదప నష్టపోయినవాని గోడు ఎవరు విందురు?

మంచి యుదాహరణములును కలవు; వానిని దాచుట న్యాయము కాదు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున కట్టిన యానకట్ట గోదావరిమండలమునకు నీటితోపాటు పడవల దారిని కూడ నిచ్చెను. ఒకే కాలువ రైతు పొలమును తడిపెను, పడవవానికి పనియు నిచ్చెను. 1932లో నిజాంరాష్ట్రరైల్వేవారు 27 బస్సులతో, 166 మంది పనివారితో రోడ్డురవాణా శాఖను మొదలుపెట్టిరి. బస్సు ప్రజాసంస్థ చేతిలో నుండుటవలన లాభము లేని పల్లెకును బస్సు పోవలెనని యడుగుటకు ప్రజలకు హక్కు కలిగినది. 2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణమున ఆడువారికి ఆ బస్సులలో ఉచితప్రయాణము ప్రారంభమైనది. దాని ఖర్చును గూర్చి వాదము లుండవచ్చును. కాని తట్ట నెత్తిన పెట్టుకొని యాచారమునుండి పట్టణమునకు కూరగాయ లమ్మబోవు స్త్రీకి దారిలో భాగము కలదని ఆ టికెట్టు చెప్పుచున్నది. దారి లాభమును పంచవలెనన్నచో పంచవచ్చును, పంచదలచుటయే కావలయును.

ఇక నేటి ఇబ్రహీంపట్నమును చూతము. వలయరహదారియు కర్మాగారములును వచ్చిన పిదప పొలము ప్లాటుగా మాఱుచున్నది. భూమి గలవాడు అమ్ముకొని ధర పొందెను. ఇది యతని హక్కు. కాని యా పొలములో నాటు వేసినది, కలుపు తీసినది, కోత కోసినది భూమి లేని చేతులు. పొలమును కౌలుకు తీసికొన్నవాని పేరు పట్టాలో లేదు; గొఱ్ఱెలను మేపిన బీడునకు కాపరి పేరు లేదు. అమ్మకపు దస్తావేజులో రెండు సంతకము లుండును. పని పోయినవాని సంతకమునకు అందులో చోటు లేదు. అతడు ఆ కర్మాగారము గోడవెలుపల కాపలాకో, కట్టుచున్న మేడలో ఇటుకలు మోయుటకో పోవుచున్నాడు. ఎద్దు పోయిననాడు బంజారాకు జరిగినదానికిని దీనికిని పోలిక లేదని యెవ రనగలరు?

2013 నాటి భూసేకరణచట్టము ఒక మంచి యడుగు వేసినది. భూమి గలవానినే గాక, ఆ భూమిపై మూడేండ్లు కౌలు చేసినవానిని, కూలిచేసి బ్రదికినవానిని కూడ నష్టపోయిన కుటుంబముగా నది లెక్కించినది. ఎద్దు పోయిన నూఱేండ్ల పిదప మన శాసనము నేర్చుకొన్న పాఠమిది. కాని యా చట్టము ప్రధానముగా ప్రభుత్వము సేకరించు భూమికి వర్తించును. రోడ్డు వచ్చునను వార్త విని, ఒకరినుండి ఒకరు ఎకరమెకరముగా కొని గళ్లు గీసినచోట, పని పోయిన కూలివానిని లెక్కించు వాడు లేడు. భూమిధర పెరిగినది అమ్మినవాని శ్రమవలనను గాదు, కొన్నవాని శ్రమవలనను గాదు. ప్రజాధనముతో పడిన దారివలన. ఆ పెరుగుదలలో ప్రజలకు, అందును నష్టపోయినవారికి, భాగ ముండవలెననుట దానధర్మము కాదు, న్యాయమైన లెక్క.

వారి పిల్లలు చదివి యదే కర్మాగారములో ఉద్యోగము చేయుదురని కొందఱు మాకు సమాధానము చెప్పుదురు. చేయుదురుగాక! ఆ చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలకు లోటు లేదు. లంబాడీలకు 1976 నాటి శాసనసవరణముతో తెలంగాణమున షెడ్యూల్డుతెగల హక్కు దొరకినపిదప వారి బిడ్డలు ఉపాధ్యాయులును, వైద్యులును, అధికారులును అయినారు. అది మాకు సంతోషము. కాని 1874కును 1976కును నడుమ నూటరెండేండ్లు కలవు. ఆ నూటరెండేండ్లలో పుట్టి, ఆకలితో అనుమానములో చచ్చినవారికి మనుమని యుద్యోగ మొక జవాబు కాదు. చివరకు అందఱికిని మేలు కలుగుననునది నిజమే కావచ్చును. ఆ చివర వచ్చువఱకు బ్రదుకవలసినవాడు మనుష్యుడు.

ఇంతటితో మా యభిప్రాయమును మూడు మాటలలో చెప్పి విరమింతుము. మొదటిది: క్రొత్త దారిగాని యంత్రముగాని ప్రజల ధనముతో వచ్చునప్పుడు, ఎవరికెంత లాభము, ఎవరికెంత నష్టము అను లెక్క ముందుగా ఊరి సభలో చదువబడవలెను, అడిగినవానిని ద్రోహి యనరాదు. రెండవది: నష్టపోవువానికి పని దొరకు నేర్పాటు పాతపని పోకముందే జరుగవలెను, వాని విద్యకు క్రొత్త పనిలో చోటు వెదకవలెను. దేశపు దారులన్నియు నెఱిగిన బంజారాను ఆ రైలువారే దారిచూపరిగా, సరకు చేర్చువానిగా పెట్టుకొనవచ్చునని యెవరికిని తోపకపోవుట మన బుద్ధిలోపము గాని వాని లోపము గాదు. మూడవది: దారివలన పెరిగిన నేలవెలలో కొంత భాగము ఆ నేలకు ప్రాణమైనవానికి తిరిగి చేరవలెను. ఇబ్రహీంపట్నములో అట్టిది పెద్దచెఱువు. దానిలోనికి నీరు వచ్చు కాలువలకు అడ్డముగా గోడలు లేచినచో, నాలుగువందల యేండ్లకు పైబడి నిలిచిన ధనమును నాలుగేండ్ల బేరమునకు అమ్ముకొన్నవార మగుదుము.

వేగము గుణము కాదు, దోషమును కాదు. మన వెనుక నడచువానికొఱకు ఆగుట మాత్రము గుణము. నేడు వలయరహదారిమీద గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున పోవు మన చదువరులు, తమ బండి యేయే పొలములమీదుగా పోవుచున్నదో, ఆ పొలములలో నాటువేసిన చేతు లిప్పు డేమి చేయుచున్నవో ఒక్కమా రడిగి తెలిసికొందురుగాక. ఆ ప్రశ్న నడుగువారు పదిమంది యైననాడు దానికి జవాబు చెప్పు చట్టమును కూడ తప్పక వచ్చును.